కత్తెరత్త కుట్టిన నీళ్ళబట్టలు

కత్తెరత్త కొలత తీసుకునేటప్పుడు ఎవర్నీ ఊపిరి బిగపట్టనివ్వదు. "కడుపు లోపలికి లాక్కుంటే ఆ గౌను నీకు కాదు, నీ అబద్ధానికి సరిపోతుంది. వదిలెయ్," అంటుంది. పిల్ల కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వులో నడుము అసలు కొలత బయటపడిపోతుంది. అప్పుడు టేపు చూసి, దానికి రెండు వేళ్ళ వెడల్పు కలిపి, బట్ట మీద చాక్‌పీసుతో గీత గీస్తుంది.

ఆ రెండు వేళ్ళూ ఎందుకని నేను అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఎదుగుతారు కదా," అంది.

సముద్రం ఒడ్డునున్న ఆ వీధిలో తల్లులు గుమ్మం ఎక్కుతూనే అనే మాట అదే. ఎదిగే పిల్ల, కాస్త వదులు పెట్టు అత్తా. చేపల రాబడి మీద నడిచే ఇళ్ళు అవి. ఒకసారి కుట్టించిన గౌను పెద్దదానికి రెండేళ్ళు వచ్చి, తర్వాత చిన్నదానికి దిగాలి. అందుకని కత్తెరత్త పక్కల్లో బట్ట వదులుతుంది, నడుము దగ్గర ఎలాస్టిక్ సడలిస్తుంది, కింది అంచు జానెడు లోపలికి మడిచి పైపైన చేతికుట్టు వేస్తుంది. పిల్ల పొడుగైనప్పుడు ఆ కుట్టు తెంపి మడత దించితే చాలు. "మా ఆవిడ కుట్టిన గౌనులో పైకి కనపడే బట్ట సగం, లోపల దాచింది సగం," అని ఇంజను మామ వేళాకోళం చేస్తాడు. ఇంజను మామ ఆవిడ భర్త. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయన్ని చూసి ఆవిడకి అత్త, చేతిలో పనిముట్టుని చూసి కత్తెర.

దుకాణం అంటే వేరే ఏమీ లేదు, ఇంటి ముందుగదే. కిటికీ కింద మిషను. గోడకి మేకులు, మేకులకి దారం ఉండలు. కత్తిరింపు ముక్కలతో నింపిన బస్తా ఒకటి, వచ్చినవాళ్ళు కూర్చోడానికి. ఎంత ఊడ్చినా నేల మీద సన్నటి ఇసుక కాలికి తగులుతూనే ఉంటుంది.

ఆవిడ పుట్టింది సముద్రం పక్కన కాదు. తండ్రి ఒక బట్టల కొట్లో మూటలు మోసేవాడు. కుట్టుపని ఆవిడకి ఎవరూ నేర్పలేదు. "పాత చొక్కా ఒకటి తెచ్చుకుని కుట్లన్నీ విప్పేసేదాన్ని. ముక్కలు నేల మీద పరిచి మళ్ళీ కలిపేదాన్ని. కలిపాక ఒక ముక్క మిగిలిపోయేది. మళ్ళీ విప్పేదాన్ని. ఎన్నాళ్ళకో ఆ ముక్క మిగలడం మానేసింది," అని చెప్పింది. పెళ్ళయి ఈ వీధికి వచ్చాక కూడా చీలమండలు దాటి నీళ్ళలోకి ఎప్పుడూ దిగలేదట. "సముద్రం నాకు వీధి చివర గోడలాంటిది. గోడ ఉందని తెలుసు, దాన్ని ఎక్కాలని ఎందుకనిపిస్తుంది?"

అలాంటి మనిషిని నీళ్ళలోకి దింపింది ఓ బడి.

దాన్ని అందరూ అలల బడి అంటారు. సముద్రాల అవతల ఏదో దేశంలో, బోర్డులెక్కి అలల మీద సర్ఫింగ్ ఆడుకునేవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం అది. తాము వాడిన బోర్డులు, పోగుచేసిన చందాలు, నేర్పడానికి ఒకరో ఇద్దరో మనుషులు, ఇవి పేదవాళ్ళుండే తీరాలకి పంపుతారు. పిల్లలకి ఈత, మునిగిపోయేవాణ్ణి ఒడ్డుకి లాగడం, ఆ తర్వాత అల మీద నిలబడటం నేర్పుతారు. రుసుము లేదు. మామూలు బడి ఎగ్గొట్టిన రోజున ఇక్కడికి రానివ్వరు, అంతే షరతు. తీరం చివర పాత చేపల షెడ్డులో బోర్డులు వరసగా నిలబెట్టారు. సర్ఫింగ్ బోర్డు అనే మాట వీధిలో రెండు రోజులు కూడా బతకలేదు. అది బల్ల అయిపోయింది. నేర్పే కుర్రాడు బల్ల మాస్టారయ్యాడు.

అతనితోపాటు సంఘం తరఫున ఒకమ్మాయి వచ్చింది. బాగా పొడుగు, కాళ్ళు మరీ పొడుగు, నీళ్ళలో ఆచితూచి అడుగులేస్తుంది. మొదటిరోజు చూసినవాళ్ళెవరో కొంగ అన్నారు, మర్యాదకి అమ్మ కలిసి కొంగమ్మ అయింది. ఆ పిల్లకి మన మాటలు గుప్పెడే వచ్చు. వాటిలో మొదట నేర్చుకున్నది అక్కా. దాన్ని అందరికీ వాడేసింది. ఇంజను మామని కూడా అక్కా అనే పిలిచేది. ఆయన పలికేవాడు.

మొదటి నెలల్లో బడి నిండా మగపిల్లలే. ఆడపిల్లలు ఒడ్డున కూర్చుని అన్నల చొక్కాలకి, చెప్పులకి కాపలా కాసేవాళ్ళు. వాళ్ళలో ఒకతె కత్తెరత్త మనవరాలు, కొడుకు కూతురు. సన్నగా ఉంటుంది, ఒకచోట నిలవదు, అందుకని పిట్ట. ఒక సాయంత్రం మిషను పక్కన కూర్చుని అడిగింది.

"నానమ్మా, నేను చెప్పుల కాపలాకి పుట్టానా?"

"ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. రోజూ అదే చేస్తున్నా కాబట్టి అడిగా."

కత్తెరత్త మిషను ఆపింది. ఆ పిల్ల అడిగిన తీరులో ఏడుపు లేదట. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుందట. "ఏడిస్తే ఊరుకోబెట్టేదాన్ని. ఏడవలేదు, అదీ చిక్కు."

ఆడపిల్లలకని సంఘం వేరుగా కొన్ని బల్లలు పంపింది. ఇక్కడి అమ్మాయిలు రాకపోతే, సముద్రం అల్లకల్లోలమయ్యే కాలం వచ్చేలోపల అవి ఇంకో తీరానికి వెళ్ళిపోతాయి. అక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారట. ఈ సంగతి చెప్పడానికి కొంగమ్మ, బల్ల మాస్టారు తల్లులందర్నీ ఐసమ్మ కొట్టు ముందు కూడేశారు. చేపలకి ఐసు అమ్ముతుంది ఐసమ్మ. ఇద్దరు ఆడపిల్లల తల్లి. వీధిలో నలుగురూ ఏమనుకోవాలో ముందు ఆవిడ అనేస్తుంది.

కొంగమ్మ తమ దేశంలో పిల్లలు వేసుకునే నీళ్ళబట్ట ఒకటి తెచ్చి చూపించింది. నల్లగా, ఒంటికి అతుక్కుపోయేలా ఉంది. ఐసమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇది వేసుకుంటే పిల్ల ఎక్కడుంటుంది, బట్ట ఎక్కడుంటుంది? తొక్క తీసినట్టుంటుంది."

అందరూ నవ్వారు. బల్ల మాస్టారు నీళ్ళలో వదులు బట్టలు ప్రమాదమని చెప్పబోయాడు.

"నువ్వు నీళ్ళ సంగతి చెప్తున్నావు బాబూ, మేం ఒడ్డు సంగతి చెప్తున్నాం," అంది ఐసమ్మ. "అక్కడి నుంచి ఇంటిదాకా నడిచి రావాలి మా పిల్లలు. ఈ వీధిలోంచే."

పిట్ట తల్లి, అంటే కత్తెరత్త కోడలు కూడా అక్కడే ఉంది. చేపలు ఎండబెట్టే పాకలో పని ఆవిడకి, చేతులు కడుక్కుని నేరుగా వచ్చింది. పిట్టని దగ్గరికి లాక్కుని నిలబడింది. అది చూసి కత్తెరత్త లేచింది.

"నేను కుడతాను. ఒళ్ళు కప్పేలా కుడతాను, నీళ్ళలోకి పనికొచ్చేలా కుడతాను. నా చేతి బట్ట ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉందా ఇన్నాళ్ళలో?"

లేదన్నారు. ఐసమ్మ ఆ నల్లబట్టని కొంగమ్మకి తిరిగిచ్చి, "వదిన కుడితే సరే," అంది. కోడలు అత్తగారి వైపు చూసి తలూపింది. "మీరు కుడితే పంపుతాను అత్తయ్యా."

సంఘం వాళ్ళు సాగే బట్ట తాను ఒకటి పంపారు. కత్తెరత్తకి ఆ బట్ట మీద గురి కుదరలేదు. "సాగే బట్టని నమ్మకూడదు. ఎవరు వేసుకుంటే వాళ్ళ పక్షం మాట్లాడుతుంది," అని ఇప్పటికీ అంటుంది. పొడుగు చేతుల చొక్కా, మోకాళ్ళ దాకా. దాని కింద చీలమండల దాకా పాయిజామా. చొక్కాకి నడుము నుంచి కుచ్చిళ్ళు. చూడముచ్చటగా వచ్చాయి. ప్రతి దానికీ పక్కల్లో రెండు వేళ్ళు వదిలింది, నడుము సడలించింది, అంచులు జానెడు లోపలికి మడిచి చేతికుట్టు వేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. చెయ్యి తనంతట అదే చేసుకుపోయింది. పరాయి డబ్బుతో వచ్చిన బట్ట, మళ్ళీ ఎప్పుడొస్తుందో, ఎక్కువ కాలం రావాలి కదా అనుకుంది.

తొడిగి చూస్తున్నప్పుడు కొంగమ్మ వచ్చింది. పిట్ట వీపు దగ్గర బట్ట పట్టుకుని చూసింది. పిడికెడు వచ్చింది.

"అక్కా, ఇది… చాలా," అని ఆగిపోయింది. తర్వాత మాట దొరకలేదు.

"ఎదుగుతుంది," అంది కత్తెరత్త, చెయ్యి ఎత్తి పిల్ల ఎంత పొడుగవుతుందో చూపిస్తూ. కొంగమ్మ ఆ చెయ్యిని చూసి నవ్వింది, తనూ చెయ్యి ఎత్తింది. ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థమైందనే అనుకున్నారు.

ఆడపిల్లలు మొదటిసారి దిగిన రోజున తీరం మీద తల్లులంతా ఉన్నారు. పొడిగా ఉన్నంతసేపూ ఆ బట్టలకి తిరుగులేదు. గాలికి కుచ్చిళ్ళు ఊగుతుంటే బడి వార్షికోత్సవంలో వరసగా నిలబెట్టినట్టున్నారు. ఐసమ్మ కూడా, "బాగున్నాయి వదినా," అంది.

నీళ్ళు నడుముదాకా వచ్చేసరికి కథ మారింది. కుచ్చిళ్ళు తేలి గొడుగుల్లా విచ్చుకున్నాయి. మెడలోంచి, చేతుల్లోంచి నీళ్ళు చొరబడి చొక్కాలు బస్తాల్లా ఉబ్బాయి. లోపలికి మడిచిన అంచుల్లో ఇసుక చేరింది. చేతికుట్టు సందుల్లోంచి దూరిన ఇసుక, మళ్ళీ బయటికి రాదు. పిల్లలు కాళ్ళు ఈడుస్తూ నడుస్తున్నారు. అయినా పిట్ట ఆగలేదు. బల్ల మీద పడుకుంది, మాస్టారు వెనక నుంచి నెట్టాడు, అల ఎత్తింది, పిట్ట లేచి నిలబడింది.

నిలబడింది, మొదటిసారికే. అది అందరూ చూశారు. ఆ వెంటనే నీళ్ళ బరువుకి, ఇసుక బరువుకి పాయిజామా జారి చీలమండల దగ్గర చుట్టుకుంది. పొడుగు చొక్కా ఉండనే ఉంది, కప్పాల్సింది కప్పింది. కానీ కాళ్ళు కట్టేసినట్టయి పిల్ల బోర్లా పడింది. చొక్కా ఎదురు తిరిగి ముఖాన్ని మూసేసింది. మాస్టారు రెండంగల్లో చేరి ఎత్తేశాడు. ఎత్తేలోపు నాలుగు గుక్కలు తాగింది. ఒడ్డున మగపిల్లలు నవ్వారు. వాళ్ళలో పిట్టతో ఒకే తరగతి చదివేవాళ్ళున్నారు.

పిట్ట దగ్గింది, పాయిజామా పైకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కోడలు గొంతు పెంచలేదు. తడిబట్టలు తీగ మీద ఆరేస్తూ, "మీ మాట మీద పంపాను అత్తయ్యా," అంది. అంతే. ఐసమ్మ కొట్టు దగ్గర మాత్రం మాటలు చాలానే నడిచాయి. కప్పితే మునుగుతారు, కప్పకపోతే పరువు మునుగుతుంది, ఎందుకొచ్చిన గొడవ, ఒడ్డునే ఉంటే పోలా అని తేల్చారు. కుట్టిన బట్టలన్నీ తిరిగి కత్తెరత్త గుమ్మంలోకి వచ్చి పడ్డాయి. పిట్ట బడికి వెళ్ళొచ్చి, నానమ్మ గదిలోకి రాకుండా పెరటి దారిన ఇంట్లోకి పోయేది.

"తిట్టినా బాగుండేది. పక్కనుంచి పోతుంటే గాలి కూడా తగలనిచ్చేది కాదు," అని చెప్తున్నప్పుడు ఆవిడ కత్తెర తీసి ఊరికే మూసింది, తెరిచింది.

బట్టలన్నీ విప్పేసింది. చేతికొచ్చిన విద్య అదే కదా. ముక్కలు నేల మీద పరిచి కూర్చుంది. ఈసారి ఏ ముక్కా మిగల్లేదు, తక్కువా పడలేదు. తప్పెక్కడుందో మాత్రం అంతు చిక్కలేదు. వదులు పెట్టడం తప్పని బుద్ధికి తోస్తోంది, ఎక్కడ ఎంత తియ్యాలో చేతికి తోచడంలేదు. మరీ బిగిస్తే మళ్ళీ తొక్క తీసినట్టే అంటారు. ఇంజను మామ వచ్చి ఆ ముక్కల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కున్నాడు.

"ఏంటే, బట్టల కొట్టు దోచుకొచ్చావా?"

"నీళ్ళలో ఏం జరిగిందో తెలియట్లేదండీ."

"తెలియదు మరి. ఇంజను ఎందుకాగిందో నన్ను ఇంట్లో కూర్చుని చెప్పమంటారు కొందరు. నేను చెప్తానా? పడవెక్కి, నీళ్ళలోకి తీసుకెళ్ళి, అక్కడ తిప్పి చూస్తాను."

"నన్ను నీళ్ళలోకి వెళ్ళమంటారా?"

"నేను ఇంజను సంగతి చెప్పాను," అన్నాడాయన, కాళ్ళు కడుక్కోడానికి పోతూ.

మర్నాడు ఆవిడ తన కొలతకి రెండు జతలు కుట్టుకుంది. ఒకటి పిల్లలకి కుట్టిన లాంటిదే, కుచ్చిళ్ళతో సహా. రెండోది బిగుతుగా, మడతలేమీ లేకుండా. కొలత తీసింది ఇంజను మామ. టేపు ఆవిడ చుట్టూ తిప్పి, కొసలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత?"

"టేపు రెండు కొసలూ కలిశాయి, సంతోషం."

"వేళాకోళం ఆపి అంకె చెప్పండి. తగ్గించి చెప్పకండి, నీళ్ళు ఊరుకోవు."

మధ్యాహ్నం వెళ్ళాలనుకుంది. ఆ వేళకి పడవలొచ్చి వెళ్ళిపోయి ఉంటాయి, తీరం మీద కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. కానీ ఆ రోజు పడవలు ఆలస్యమయ్యాయి. కత్తెరత్త షెడ్డులో బట్టలు మార్చుకుని, కుచ్చిళ్ళ చొక్కాలో బయటికి వచ్చేసరికి తట్టలతో, ఐసు పెట్టెలతో వీధి వీధంతా ఒడ్డునే ఉంది. కోడలు కూడా ఉంది.

వెనక్కి పోదామా అనుకుందట. కొంగమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, రా," అంది.

"ఎక్కడికి వదినా, పెళ్ళికా?" ఐసమ్మ పెట్టె మీద కూర్చుని కేకేసింది.

"నీళ్ళు పట్టుకురావడానికి. నీ ఐసుకి తక్కువైనట్టున్నాయి," అంటూ దిగింది కత్తెరత్త.

మోకాళ్ళదాకా బాగానే ఉందట. నడుము దగ్గర మొదటి అల కొట్టగానే అర్థమైంది. "నీళ్ళు మెడలోంచి వస్తాయి, ఇది నాకు తెలియదు. కిందనుంచే వస్తాయనుకున్నా. మెడలోంచి వచ్చి, ఒళ్ళంతా తిరిగి, కింద మడతలో కూర్చుంటాయి. ఇంక లేవవు. నేనొక బకెట్‌ని కట్టుకుని నడుస్తున్నట్టుంది." రెండో అలకి కుచ్చిళ్ళు తల మీదికి వచ్చాయి. ఏదీ కనపడలేదు. ఊపిరి ఎటు తీసుకోవాలో తెలియలేదు. కొంగమ్మ చెయ్యి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ క్షణంలో తన మీద తనకి జాలి కలగలేదంది. పిట్ట లోపల చూసిన చీకటి ఇదేనన్న మాట ఒక్కటే మనసులో పడింది. తను మూరలు కొలిచి, కత్తిరించి, దారంతో కుట్టి పిల్ల ముఖానికి తొడిగిన చీకటి.

ఇద్దరూ లాక్కుంటూ ఒడ్డుకి వచ్చారు. కత్తెరత్త అంచుల్లోంచి నీళ్ళు ధారకట్టాయి. రెండు చేతులతో పాయిజామా పట్టుకుని, సగం తీరాన్ని వెంట తెచ్చుకుంటున్నట్టు వస్తుంటే ముందు ఎవరో పక్కకి తిరిగి నవ్వారు. తర్వాత ఇంచుమించు అందరూ నవ్వారు. ఐసమ్మకి నవ్వు ఆగక పెట్టె మీద నుంచి జారి ఇసుకలో కూర్చుంది.

"నవ్వండి," అంది కత్తెరత్త. "ఇంకా ఉంది."

షెడ్డులోకి వెళ్ళి రెండో జత వేసుకుని బయటికి వచ్చింది. చీలమండల దాకా, ముంజేతుల దాకా ఉంది, కానీ ఒంటికి అంటిపెట్టుకునుంది. ఈసారి నవ్వు ఆగిపోయింది. ఏదో ఒకటి మాట్లాడకపోతే పారిపోతానని తెలిసి, గట్టిగానే అంది.

"చూసుకోండి. ముగ్గుర్ని కన్న ఒళ్ళు, మిషను తొక్కిన ఒళ్ళు. తనివితీరా చూసుకోండి. చూడటం ఇవాళ్టితో అయిపోతే రేపు పిల్లలు వచ్చినప్పుడు ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు."

పడవ తాళ్ళ దగ్గర ఉన్న ఇంజను మామ నెమ్మదిగా, "నేను కొలిచిందే," అన్నాడు. మళ్ళీ నవ్వు లేచింది. ఈ నవ్వు వేరే నవ్వు.

నీళ్ళలోకి దిగింది. అల వచ్చింది, మీదుగా పోయింది. బట్ట ఏమీ పట్టుకోలేదు. కొంగమ్మ పెద్ద బల్ల తెచ్చి దాని మీద బోర్లా పడుకోమంది. "నిలబడటం నా వల్ల కాదు అని చెప్పా. ఆ పిల్లకి ఏం అర్థమైందో, సరే అక్కా అంది." వెనక నుంచి నెట్టింది. అల ఎత్తుకుని, ఆవిడ ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే, నురగతో సహా తీసుకొచ్చి ఐసమ్మ కాళ్ళ దగ్గర దింపేసింది.

"ఎలా ఉంది?" అని నేను అడిగితే కత్తెర పక్కన పెట్టింది. "బస్సులో కిటికీ పక్క సీటు దొరికినట్టుంది," అంది.

ఐసమ్మ వంగి ఆవిడ భుజం దగ్గర బట్టని వేళ్ళతో పట్టి చూసింది. ఈసారి రెండు వేళ్ళకి అందలేదు.

"ఇంటిదాకా నడిచి వచ్చేటప్పుడో?" అంది. గొంతు మారింది.

"పైన లంగా ఒకటి కుడతాను, బొందుతో. నీళ్ళ దగ్గర విప్పి తీగ మీద వేసుకుంటారు, వచ్చి కట్టుకుంటారు. నీళ్ళలోకి మాత్రం ఇంతే వదినా. నేను చూసొచ్చాగా."

ఐసమ్మ ఒప్పుకున్నానని అనలేదు. పడవలు కనపడుతున్నాయని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులకి కూతుళ్ళిద్దరిలో చిన్నదాన్ని కొలతకి పంపింది, పెద్దదాన్ని పంపలేదు. "ఒకదాన్ని పంపి చూస్తుందట. నేనేమైనా మందు ఇస్తున్నానా, ఒకరికి వేసి చూడటానికి?" అని కత్తెరత్త నవ్వింది. కొందరు తల్లులు అసలు రాలేదు. వచ్చినవాళ్ళు చాలు, బల్లలు ఇక్కడే ఉంచమని రాస్తానని కొంగమ్మ చేతులతో, సగం మాటలతో చెప్పింది.

పిట్ట మాత్రం కొలతకి రాలేదు. కోడలు పంపుతానంది. ఆ మధ్యాహ్నం తీరం మీద ఆవిడ నవ్వలేదట, అత్తగారికి పొడి తువ్వాలు తెచ్చి భుజాల మీద కప్పిందట. కానీ ఇప్పుడు వద్దంటున్నది పిల్లే. అడిగితే చదువుకోవాలి అంటోంది.

కత్తెరత్త బతిమాలలేదు. ఆ పిల్ల గౌను ఒకటి తీగ మీద నుంచి తెచ్చి, దాని మీద నుంచి కొలత ఊహించి కుట్టేసింది. మడిచి పిట్ట పుస్తకాల పక్కన పెట్టింది. మాట మాత్రం ఒకటి చెప్పింది. "నేను కూడా పడ్డానే. అందరూ నవ్వారు." పిట్ట పుస్తకంలోంచి తలెత్తలేదు. "తెలుసు. అమ్మ చెప్పింది," అంది.

తర్వాతి తరగతి రోజున పిట్ట నీళ్ళబట్ట వేసుకుని, పైన లంగా కట్టుకుని వచ్చింది. వచ్చి ఒడ్డున కూర్చుంది. మిగతా అమ్మాయిలు దిగారు. ఐసమ్మ చిన్నది రెండుసార్లు పడి, మూడోసారి బల్లని తిడుతూ లేచింది. మగపిల్లలు కాసేపు చూశారు, తర్వాత వాళ్ళ అలలు వాళ్ళు చూసుకున్నారు. పిట్ట మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చునే ఉంది. కత్తెరత్త వెళ్ళి పక్కన కూర్చుంది.

"లోపల నీకు భయమేసిందా?" అంది పిట్ట.

"వేసింది."

"రెండోసారి దిగినప్పుడు?"

"అప్పుడూ వేసింది."

"మరి ఎందుకు దిగావు?"

కత్తెరత్త నిజమే చెప్పింది. "నీకేమైందో తెలుసుకుందామని దిగాను. మొదటిసారి తెలిసింది. రెండోసారి బట్ట చూద్దామని దిగాను. ఆ బల్ల మీద మాత్రం ఊరికే, నాకు కావాలనిపించి పడుకున్నా."

పిట్ట నానమ్మ ముఖంలోకి చూసింది, అబద్ధమేమైనా ఉందేమోనని. ఆ తర్వాత లేచి, బొందు విప్పి, లంగా నానమ్మ ఒళ్ళో పడేసి, నీళ్ళలోకి నడిచింది. మాస్టారు ఒక బల్ల ఆమె వైపు తోశాడు.

నిలబడలేదు ఆ రోజు. నేను అడిగాను. "ఎక్కడ నిలబడుతుంది, చీకటి పడేదాకా పడుతూనే ఉంది," అంది కత్తెరత్త. అయినా పడ్డ ప్రతిసారీ పిల్ల చేతులు నడుము దగ్గరికి పోలేదట. బల్ల కోసం పోయాయట. ఆవిడ ఆ సాయంత్రమంతా చూసింది అదొక్కటే.

ఇంటికొచ్చాక, తడి జుట్టుతోనే పిట్ట నీళ్ళబట్ట పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్తా మీద కూర్చోలేదు, మిషను ముందు నిలబడి మెడ పక్కకి వంచి చూపించింది. కుట్టు తగిలిన చోట సన్నటి ఎర్ర గీత ఉంది.

"ఇక్కడ ఒరుసుకుంటోంది నానమ్మా. రేపటికి సరిచెయ్యి."

"రేపు తరగతి లేదుగా?"

"మాస్టారు రమ్మన్నాడు. అమ్మ కూడా సరేనంది."

కత్తెరత్త ఆ బట్టని దీపం దగ్గరికి లాక్కుని, మెడ కుట్టు విప్పడం మొదలుపెట్టింది.